ఉక్కు ఏ భాష మాట?
(సింధనూరు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'ఉక్కు' తెలుగు మాటా, కన్నడ మాటా? రెండు భాషలదీను. దక్షిణాది ఉక్కు ఐరోపాలో 'ఊట్జ్' అయింది. ఆ పేరు ఈ మాట నుంచే పుట్టిందని పలువురు పండితుల అభిప్రాయం. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు ప్రసిద్ధి. 1819లో మైకేల్ ఫారడే ఊట్జ్‌ను విశ్లేషించాడు. మన కమ్మరుల చేతివిద్య పరాయి దేశంలో పరిశోధనాంశమైంది.

పదార్థపు లోపలి అమరికకూ దాని గుణానికీ గల సంబంధాన్ని తేల్చే ఆ విద్యనే నేడు పదార్థ విజ్ఞానం అంటున్నాము. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1945లో లోహశాస్త్ర విభాగంగా ఆరంభమైనది నేడు మెటీరియల్స్ ఇంజనీరింగ్ విభాగం. ఈ పరిశోధనకు ముడిసరుకు మన ముంగిటనే ఉన్నది. మన క్యాంపుల వడ్లు ఆడించగా మిగిలిన ఊకను కాల్చితే, ఆ బూడిదలో అధిక భాగం సిలికా. తగిన వేడిమిలో కాల్చిన బూడిద కాంక్రీటుకు బలమిస్తుంది. వేడిమి మితిమీరితే సిలికా స్ఫటికంగా మారి ఆ గుణం తగ్గిపోతుంది. ఆ హద్దును నిర్ణయించడం ఎం.టెక్. విద్యార్థి చేయదగిన పరిశోధన. శక్తినగర్ బొగ్గు బూడిద, హట్టి గనుల వ్యర్థ మట్టి కూడా ఇటువంటి ప్రశ్నలే.

కొన్నేళ్ల క్రితం ఒక క్యాంపు అమ్మాయి నా వద్దకు వచ్చింది. బి.ఇ. ముగించి ఎం.టెక్.లో చేరదలచినది. స్థానికత పత్రం కోరితే ఒక కార్యాలయంలో "మీరు ఆంధ్రావారు గదా" అన్నారట. ఆమె పుట్టినది, చదివినది ఈ జిల్లాలోనే. నేను కన్నడంలోనే అర్జీ వ్రాశాను. పత్రం వచ్చింది గాని, ప్రవేశాల గడువు దాటింది. ఆమెకు ఒక ఏడాది పోయింది.

2012 నాటి 98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371జె అధికరణం మన ప్రాంత విద్యాసంస్థలలో సీట్ల కేటాయింపుకు వీలు కల్పించింది. అందుకు అది చెప్పిన ఆధారాలు పుట్టుక, నివాసం. మాతృభాష ప్రసక్తి అందులో లేదు. ఇది ఎవరి దయా కాదు, హక్కు.

కనుక నా మనవి మూడు మాటలు. జనన పత్రం, పాఠశాల దాఖలాలు నేడే సరిచూసుకోండి. స్థానికత పత్రం చివరి ఏడు రాకముందే తీసుకోండి. గేట్ పరీక్ష సంగతి పిల్లలకు ముందుగా తెలపండి. 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సదుపాయాలు కల్పించమంటున్నది. దానిని అడగండి, కన్నడాన్నీ శ్రద్ధగా నేర్పించండి. ఆనాటి అర్జీ నెగ్గినది కన్నడంలోనే గదా!

సెలవు.