కుర్చీల మనిషి మారిండు, యుద్ధం మారలే

(పెద్ద కొడప్‌గల్ సభలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల అమెరికా ప్రెసిడెంట్ల గురించి మాట్లాడుతమంటే కొందరు నవ్వినరు. "బోరు కాలిపోయింది, సోయకు ధర లేదు, అమెరికా ముచ్చట మాకెందుకు?" అన్నరు. అడిగింది న్యాయమే. అందుకే ముందు ఒక్క రాత్రి ముచ్చట చెప్తం.

2025 జూన్ 22న ట్రంప్ హుకుంతోటి అమెరికా విమానాలు ఇరాన్‌ల ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద బాంబులేసినయి. మర్నాటి రాత్రి ఇరాన్, ఖతార్‌లో ఉన్న అమెరికా సైనిక స్థావరం అల్ ఉదెయిద్ మీదికి మిసైళ్లు వదిలింది. ఖతార్ మీదుగా విమానాలు ఆగిపోయినయి. ఖతార్ అంటే మనకు పటంల దేశం కాదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల పోరగాళ్లు కూలికి పోయి లేబర్ క్యాంపులల్ల బతికే జాగ. ఆ రాత్రి వైట్‌హౌస్‌ల ఎవరు నిద్రపోయిన్రో మనకు తెల్వది. కొడుకు ఫోన్ ఎత్తేదాక తల్లికి మాత్రం నిద్ర లేదు. అమెరికా ముచ్చట మనకు గిందుకే.

ఇది మొదటిసారి గూడ కాదు. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడి మనోళ్లు రావాల్సిన జీతం ఇడిచిపెట్టి, ఎడారి దాటి, జోర్డాన్‌ల అమ్మాన్‌కు చేరిన్రు. అక్కడి నుంచి విమానాలు సుమారు 1,70,000 మందిని దేశానికి తెచ్చినయి. 1991 జనవరి 17న పెద్ద బుష్ యుద్ధం షురూ చేసిండు. అప్పుడు మన గడ్డ మీదనే అమెరికా సైనిక విమానాలకు ఆయిల్ పోయించిన్రు. చమురు ధర పెరిగింది, గల్ఫ్ పైసలు తగ్గినయి, సర్కారు దగ్గర విదేశీ మారకం అడుగంటింది. 1991లో దేశం బంగారం కుదువబెట్టి ఐఎంఎఫ్ అప్పుకు పోయింది. అప్పు ఎనుక షరతులు, షరతుల ఎనుక ప్రైవేటీకరణ వచ్చినయి.

ఇక్కడ ఒక తారీఖు యాది పెట్టుకోండ్రి. కువైట్ ఆక్రమణ జరిగిన అయిదు రోజులకే, 1990 ఆగస్టు 7న, మండల్ రిజర్వేషన్లు ప్రకటించిన్రు. ఏడాది తిరగకముందే సర్కారు కొలువులనే తగ్గించే దారి తెరుచుకున్నది. యుద్ధం ఒక్కటే కారణమని మేము అనం. అప్పు అంతకుముందు నుంచే పెరుగుతున్నది. యుద్ధం మెడ మీద కత్తి పెట్టింది. ఆ ప్రైవేటు దారిలనే మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌ల మూతపడింది. కొలువు పోయినోని కొడుకు గల్ఫ్ వీసా ఎతుక్కున్నడు. అంటే యుద్ధం కాడికే పోయిండు.

పెద్ద బుష్ పోయి క్లింటన్ వచ్చిండు. 1998లో ఇరాక్ మీద, 1999లో యుగోస్లావియా మీద బాంబులేయించిండు. చిన్న బుష్ 2001లో అఫ్ఘానిస్తాన్ మీదికి, 2003 మార్చిలో ఇరాక్ మీదికి పోయిండు. ఇరాక్‌ల మారణాయుధాలున్నయన్నడు, ఎతికితే దొరకలే. 2020లో ట్రంప్ తాలిబన్లతోటి ఒప్పందం చేసుకుంటే, 2021 ఆగస్టుల బైడెన్ ఆఖరి సిపాయిని ఎనుకకు తెచ్చిండు. ఇరవై ఏండ్ల యుద్ధం తర్వాత కాబూల్ గద్దె మీద మళ్ల తాలిబన్లే. పార్టీలు రెండు, దారి ఒక్కటే. అమెరికా రాజ్యాంగం యుద్ధం ప్రకటించే హక్కు పార్లమెంటుకు ఇచ్చింది, ప్రెసిడెంటుకు కాదు. 1942 తర్వాత ఆ పార్లమెంటు ఒక్క యుద్ధం గూడ ప్రకటించలే. యుద్ధాలు మాత్రం జరుగుతనే ఉన్నయి. రాజ్యాంగం కాగితం మీద ఉంటే సాలదని మనకంటే ఎవరికి బాగ ఎరుక?

ఇగ మా మనసుల ఉన్న ముల్లు చెప్తం. 2008లో ఒబామా గెలిస్తే మేము సంబురపడ్డం, దాచుకోం. నల్లజాతితోటి మనది పాత బంధం. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసిండు. 1972లో బొంబాయి దళిత యువకులు నల్ల పాంథర్లను చూసే దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నరు. ఒబామాకు 2009లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చిన్రు. అదే డిసెంబర్‌ల ఆయన అఫ్ఘానిస్తాన్‌కు ఇంకో 30 వేల మంది సిపాయిలను పంపుతున్నట్టు చెప్పిండు. 2011లో లిబియా మీద బాంబులు పడ్డయి. పాకిస్తాన్, యెమెన్ పల్లెల మీద డ్రోన్లు తిరిగినయి.

అట్లని నల్లజాతి అంత గట్లనే అనుకుంటే తప్పు. 2001 సెప్టెంబర్ 14న ప్రెసిడెంటుకు యుద్ధాధికారం ఇచ్చే తీర్మానం మీద వాళ్ల ప్రతినిధుల సభల ఓటు జరిగింది. 420 మంది అవునన్నరు. కాదన్నది ఒక్కతే, బార్బరా లీ అనే నల్లజాతి బిడ్డ. 1967లో మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధం అన్యాయమని చర్చిల నిలబడి చెప్పిండు. అదే ఏడు ముహమ్మద్ అలీ సైన్యంల చేరనన్నడు, చాంపియన్ పట్టం పోగొట్టుకున్నడు. కుర్చీల కూసున్నోడు కుర్చీ మాట విన్నడు. జనంల నిలబడ్డోళ్లు జనం మాట చెప్పిన్రు.

మన జుక్కల్ గూడ ఎస్సీ రిజర్వుడు సీటే. కుర్చీ వద్దని మేము అనం, అది బాబాసాహెబ్ కొట్లాడి తెచ్చిన హక్కు. ఏ పార్టీ మనిషి అందుల కూసున్నా, "కుర్చీ మనది, మరి నోరు ఎవరిది?" అని అడగాలె. అడిగే సంఘం లేకపోతే ఒబామా అయినా గంతే, మనోడైనా గంతే.

యుద్ధంల బలయ్యేది ఎవరు? 2004లో ఇరాక్‌ల 12 మంది నేపాలీ కూలీలను చంపిన్రు. చిన్న బుష్ కూలగొట్టిన ఆ దేశంలనే 2014లో మోసుల్ కాడ ఐసిస్ మన దేశపు కూలీలు 39 మందిని ఎత్తుకపోయి చంపింది. వాళ్లు లేరని సర్కారు చెప్పేసరికి 2018 వచ్చింది. నాలుగేండ్లు ఆ ఇండ్లల్ల ఆడోళ్లు బొట్టు ఉంచుకోవాల్నో తీసెయ్యాల్నో తెల్వక బతికిన్రు.

అందుకే ఈ సభ నుంచి మూడు పనులు పెట్టుకుందం. ఒకటి, ఊరూర గల్ఫ్ పోయినోళ్ల లిస్టు రాయాలె. పేరు, పాస్‌పోర్టు నంబరు, కంపెనీ, క్యాంపు, ఫోన్ రాసి సంఘం దగ్గర పెట్టాలె. రెండు, పది పాస్ కానోళ్లు గల్ఫ్‌కు, ఇరాక్‌కు పనికి పోతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలె. ఏజెంటు విజిట్ వీసా మీద పొమ్మంటే పోవద్దు. అట్ల పోయినోడు సర్కారు లెక్కల ఉండడు, లెక్కల లేనోన్ని ఎవరూ ఎతకరు. మూడు, గల్ఫ్‌ల చచ్చిపోయినోళ్ల ఇంటికి 5 లక్షలిస్తమని తెలంగాణ సర్కారు 2024 సెప్టెంబర్‌ల జీవో ఇచ్చింది. అర్హత ఉన్న ప్రతి ఇంటికి అది వచ్చేదాక ఎంటబడాలె.

వైట్‌హౌస్ కుర్చీని మనం కదిలించలేం. మన వాడల లిస్టు మనం రాసుకోగలం. రేపు మళ్ల యుద్ధం మొదలైతే, మనోళ్లు ఎంతమంది, ఎక్కడున్నరని సర్కారును ఆ రాత్రే నిలదీసేటట్టు ఉండాలె.

జై భీమ్!