యంత్రభాషలో పంక్తిజాడ



శ్రీముఖలింగ దేవాలయమునందలి శాసనములను మీలో పలువురు చూచియే యుందురు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ లిపులను స్వయంకృషిచే చదువ నేర్చిరను సంగతి మన సీమవారెరిగినదే. శాసనమును అచ్చువేయునప్పుడు పండితులు పంక్తులకు సంఖ్యలు వేయుదురు. పాఠమున సందేహము కలిగినచో చదువరి ఆ సంఖ్యను పట్టుకొని రాతియొద్దకే పోయి సరిచూచుకొనగలడు. సంఖ్య లేనిచో రాయి యంతయు వెదకవలసినదే.

కంప్యూటరు పనియందును ఇట్టి చిక్కే కలదు. మనుజుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రము తిన్నగా గ్రహింపజాలదు. దానిని యంత్రాజ్ఞలుగా మార్చు దుబాసికి కంపైలరని పేరు. 1957లో వెలువడిన ఫోర్ట్రాను కంపైలరు చేసిన పనియు నిదియే. నేటి కంపైలరు మార్చుటతో ఊరకుండక, ఏ యాజ్ఞ మూలమునందలి ఏ పంక్తినుండి పుట్టినదో ఒక పట్టికలో వ్రాసిపెట్టును. పని నడుమ ఆగినప్పుడు దోషస్థలమును చూపునది ఆ పట్టికయే.

అయితే వేగముకొరకు కంపైలరు ఆజ్ఞలను ముందువెనుకలు చేయును. రెండింటిని కలిపి యొకటి చేయును. పాతదానిని తీసి క్రొత్తదానిని పెట్టును. క్రొత్తదానికి సంఖ్య వేయ మరచినచో, అది పై యాజ్ఞ సంఖ్యక్రిందనే చెల్లిపోవును. నాకొకమారు ఇట్లే జరిగినది. వడ్డీలెక్కల ప్రోగ్రాము ఆగిపోగా, రెండు దినములు నిర్దోషియైన పంక్తినే పరీక్షించుచు కూర్చుంటిని. తుదకు యంత్రాజ్ఞలను ఒక్కొక్కటిగా నడిపి చూడగా, అసలు దోషము పది పంక్తుల దిగువ, లేని ఖాతాను చదువబోయినచోట బయటపడినది.

దిద్దుబాటు కంపైలరు వ్రాయువారి చేతిలో నున్నది. పాత యాజ్ఞను తీసి క్రొత్తది పెట్టునప్పుడు, పాతదాని సంఖ్యను క్రొత్తదానికి అప్పగింపవలెను. రెండు త్రోవలలోని యాజ్ఞలు కలిసి యొకటియైనచో, ఏ యొకదాని సంఖ్యయు వేయరాదు. వేసినచో, నడువని త్రోవను నడిచినట్లు సాక్ష్యము చెప్పినట్లగును. డ్వార్ఫ్ అను పట్టికల పద్ధతిలో ఇట్టిచోట సున్న వేయవచ్చును. ఇది ఫలానా పంక్తిదని చెప్పజాలమని దాని యర్థము.

సర్వే నంబరు తప్పుపడిన దస్తావేజు పొరుగువానిని కోర్టు కెక్కించునని మీకు నేను చెప్పనక్కరలేదు. తెలిసినచోట సరియైన జాడ వ్రాయవలెను. తెలియనిచోట తెలియదనియే వ్రాయవలెను. లెక్క వ్రాయువానికెట్లో, యంత్రమునకును అట్లే.