అంబులెన్స్ ఎక్కే మన పిల్లల సంగతి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద ఎన్ని కేసులు తీసుకెళ్లామో, డీజిల్‌కు ఎంత అయిందో చెప్తాం. ఆ లెక్క సంచిక వెనక పేజీల్లో ఉంది, చూసుకోండి. ఈసారి స్ట్రెచర్ మోసే పిల్లల గురించి మాట్లాడతాం.

మన రెండు జిల్లాలూ పెద్ద రోడ్ల మీద ఉన్నాయి. నల్లగొండ వైపు చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ పోయే 65వ నంబరు రహదారి, పాలమూరు వైపు జడ్చర్ల మీదుగా బెంగళూరు పోయే 44. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెంలో బస్సు కల్వర్టుకు గుద్దుకుని కాలిపోయింది. 45 మంది పోయారు. ఎవరు ఎవరో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చాల్సి వచ్చింది. పోయినవాళ్ల కోసం అందరం దువా చేశాం. వాళ్లను బయటికి తీసినవాళ్లు ఆ రాత్రి ఎట్లా నిద్రపోయారో మేమూ అడగలేదు.

2005 ఆగస్టు 15 నుంచి తిరుగుతున్న 108 బండ్లలో ఉండేది శిక్షణ పొందిన ఉద్యోగులు. మనవాళ్లు పగలు మెకానిక్ షెడ్డులో, బట్టల దుకాణంలో పని చేసుకుని, రాత్రి ఫోన్ మోగితే లేచి వచ్చే పిల్లలు.

రెండేళ్ల కింద మా కుర్రాడొకడి చేతుల్లోనే పసిబిడ్డ ప్రాణం పోయింది. తర్వాతి వారం నుంచి అతను ఫోన్ ఎత్తలేదు. బద్ధకం అనుకున్నాం, ఒకరిద్దరం మాటలు కూడా అన్నాం. మూడు నెలలకు వాళ్లమ్మ వచ్చింది. రాత్రిళ్లు నిద్ర లేదు, అన్నం ముందు నుంచి లేచిపోయి చేతులు కడుక్కుంటూనే ఉంటాడు అని చెప్పింది. సబర్ చెయ్యమని చెప్పి పంపాం. సబర్ మంచిదే. అంతకు మించి ఆమెకు ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేకపోవడం మా తప్పు.

తర్వాత ఆ పిల్లవాణ్ని మానసిక వైద్యుడి దగ్గరికి మేమే తీసుకెళ్లాం. ఇప్పుడు పద్ధతి మార్చాం. ఘోరమైన కేసు చూసి వచ్చినవాణ్ని నేరుగా ఇంటికి పంపం. చాయ్ పోసి, పెద్దవాడొకరు పక్కన కూర్చుంటారు. మాట్లాడితే వింటారు, లేకుంటే ఊరుకుంటారు. మరుసటి రాత్రి డ్యూటీ ఉండదు. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 బండిలో అంటించాం. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒంటికి వచ్చే ప్రమాదం ఇంకోటి. చీకట్లో రోడ్డు మీద వంగినవాణ్ని వెనక వచ్చే లారీ చూడదు. మెరిసే జాకెట్ వేసుకుని, లైట్లు వేసి, ఎర్ర త్రికోణం పెట్టాకే పేషెంట్ దగ్గరికి పోవాలి. వాడిన సూది గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మేలు. హెపటైటిస్ బి టీకా ఆరు నెలల్లో మూడు డోసులు. మనవాళ్లలో సగం మందికి మొదటి డోసే పడింది.

దాతలకు ఒక మాట, కొంచెం మొహమాటంగానే చెప్తున్నాం. బండికైతే వెంటనే ఇస్తారు, దాని మీద మరహూమ్ అబ్బాజాన్ పేరు రాయించొచ్చు. గ్లౌజుల మీద పేరు రాయలేం. జకాత్ పైసలు అర్హులకే పోవాలి, వాటిని ముట్టం. దీనికి సదఖా నుంచి అడుగుతున్నాం. పద్నాలుగు మందికి ఆరు జాకెట్లే ఉన్నాయి. టీకాలు, బూట్లు, రాత్రికి రెండో డ్రైవర్ జీతం కావాలి.

ఆ కుర్రాడు మళ్లీ బండెక్కలేదు, మేమూ అడగలేదు. శుక్రవారం రాత్రి మీరు ఫోన్ చేస్తే ఎత్తేది అతనే.