రెండు కొత్తగూడలు

(హైదరాబాదులో చదువుకుంటున్న, పనులు చేసుకుంటున్న కొత్తగూడ, గంగారం మండలాల యువతతో వేసవి కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ కలయికకు రమ్మని ఫోన్లు చేసినప్పుడు మీలో చాలామంది ఒకటే మాట అడిగారు. "అన్నా, మళ్లీ మీటింగేనా? వారం మొత్తంలో ఐతారం ఒక్కటే దొరుకుతది" అన్నారు. న్యాయమైన మాటే. అందుకని ఈసారి జీవోల గురించి, దరఖాస్తుల గురించి మాట్లాడం. ఆ ఐతారం గురించే మాట్లాడతాం. ఈ పెద్ద పట్నంలో ఎండాకాలం సెలవు రోజున ఎక్కడికి పోవాలి, ఏ పండుగ ఎట్లా చూడాలి, ఎవరితో పోవాలి. నవ్వులాటగా అనిపిస్తుందేమో గానీ, మన పిల్లలు పట్నంలో నిలబడతారా, సగంలో సంచి సర్దుకుని ఊరికి పోతారా అన్నది చాలాసార్లు ఈ ఐతారం దగ్గరే తేలుతోంది. సోమవారం నుంచి శనివారం దాకా క్లాసు ఉంటుంది, పని ఉంటుంది. ఐతారం నాడు రూములో ఫోను పట్టుకుని ఒంటరిగా పడుకున్న పిల్లగాడికే ఊరు ఎక్కువగా యాదికొస్తుంది.

ముందు మన ఊరి పేరు సంగతి. "మాది కొత్తగూడ" అని చెబితే పట్నం వాళ్ల మనసులోకి వచ్చేది మన ఊరు కాదు. హైటెక్ సిటీ పక్కన, కొండాపూర్‌ను ఆనుకుని ఇంకో కొత్తగూడ ఉంది. 2023 జనవరి 1న అక్కడ పెద్ద ఫ్లైఓవర్ కూడా ప్రారంభించారు. కాబట్టి మనం పేరు చెప్పగానే "ఏ అపార్ట్‌మెంట్?" అని అడుగుతారు. కొందరేమో "కొత్తగూడెమా? సింగరేణి కదా?" అంటారు. కాదు, నర్సంపేట నుంచి పాకాల దాటి అడవిలోకి పోతే వచ్చే కొత్తగూడ అని, మొన్నటిదాకా వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా అని చెప్పాలంటే మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలు ఎందుకని కొందరు "వరంగల్" అని ఊరుకుంటున్నారు. ఇంకొందరు నవ్వి "ఆ, అదే కొత్తగూడ" అనేస్తున్నారని విన్నాం. ఇంటిపేరు అడిగితే మాట మారుస్తున్నారని కూడా విన్నాం. తిట్టడానికి చెప్పడం లేదు. ఎందుకట్లా అంటున్నారో మాకు తెలుసు. ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్ల చూపు మారడం మేమూ చూసినవాళ్లమే.

అయితే తమాషా చూడండి. ఆ పట్నం కొత్తగూడ కూడా ఒకప్పుడు అడవే. ఇప్పటికీ అక్కడి బొటానికల్ గార్డెన్ ఉన్నది కొత్తగూడ రిజర్వ్ ఫారెస్టులోనే, 270 ఎకరాలకు పైగా. చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో చెట్లు, బండరాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో పట్నం రోడ్ల పక్కన ఒక చెట్టు ఆకు కనిపించకుండా పసుపుపచ్చని గుత్తులతో వేలాడుతుంది. అందరూ దాని కింద నిలబడి సెల్ఫీలు దిగుతారు. పేరు అడగండి, పది మందిలో ఒక్కరు చెప్పరు. మీరు చెప్పగలరు. అది రేల. మన రేల పాట పేరు కూడా అదే. పట్నంలో మనకు తెలిసిన చుట్టం ఎవరూ లేరని ఎవరైనా అంటే, ఎండాకాలంలో ఒకసారి తలెత్తి చూడమని చెప్పండి.

ఇక ఎక్కడికి పోవాలి. డబ్బుల్లేక పోలేకపోతున్నాం అనే మాట సగమే నిజం. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు. చెల్లెళ్లారా, ఇంత పట్నం మీకు ఉచితంగా తెరిచి ఉంటే హాస్టల్ గేటు లోపలే కూర్చోవడం ఎందుకు? నలుగురు కలిసి పొండి. ఎండ ముదరక ముందే, పొద్దున్నే బయలుదేరండి. సీసాలో అంబలో, మజ్జిగో పోసుకోండి. బయట కొనే రంగునీళ్ల కంటే అదే నయం.

గోల్కొండకు పోతే ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు పైన బాలాహిస్సార్ దాకా వినపడుతుంది. వేటకు పోయినప్పుడు లోయకు ఈ పక్కన కేకేస్తే ఆ పక్కన ఎక్కడ పలుకుతుందో మన తాతలకు తెలుసు. అదే తెలివితో రాజులు కోట కట్టుకున్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. సాలార్‌జంగ్‌లో రాతిలో ముసుగు చెక్కిన రెబెకా బొమ్మ ముందు కాసేపు నిలబడండి. రాయిలోంచి బట్ట పలచగా కనిపించేలా ఎట్లా చెక్కారో మాకైతే ఇప్పటికీ అర్థం కాదు. చార్మినార్‌ను 1591లో కట్టారు. రంజాన్ నెలలో రాత్రిపూట అక్కడి బజారు చూడాల్సిందే. హలీం తినండి, గాజులు బేరమాడండి. ట్యాంక్‌బండ్ మీదికి సాయంత్రం పొండి. అక్కడ కొమురం భీం విగ్రహం ఉంది. పక్కన నిలబడి ఫోటో దిగే చిన్నపిల్లలకు ఆయన ఎవరో చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు? జోడేఘాట్‌లో, 1940లో, జల్ జంగల్ జమీన్ కోసం ప్రాణమిచ్చాడని చెప్పడానికి పది సెకన్లు చాలు.

మాసబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. మన కోయలవి, గోండులవి, కోలాములవి, చెంచులవి వస్తువులు, నగలు, బొమ్మలు అక్కడ ఉన్నాయి. ఐతారానికి మొదటిచోటుగా అక్కడికే పొమ్మని మేం చెప్పం. మన ఇంట్లో అటక మీద ఉన్న బుర్ర, విల్లు అక్కడ అద్దం వెనకాల కనిపిస్తే మొదటిసారి మనసు ఏదోలా అవుతుంది. ముందు జూపార్కు, గోల్కొండ తిరిగి, పట్నం భయం పోయాక పొండి. పోయేటప్పుడు పట్నం దోస్తును ఒకరిని తీసుకుపొండి. అద్దం మీద అతికించిన చీటీలో లేనిది చెప్పండి. ఆ బుర్రలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో, ఏ బాణం దేనికో. అక్కడ సందర్శకులుగా కాదు, ఇంటివాళ్లుగా తిరగండి. బంజారాహిల్స్‌లో కొమురం భీం ఆదివాసీ భవన్, దాంతోపాటే సేవాలాల్ బంజారా భవన్ 2022 సెప్టెంబర్ 17న ప్రారంభమయ్యాయి. మన కార్యక్రమాలకు అవి మన చోట్లు.

డబ్బు సంగతి ఒక మాట చెప్పి వదిలేస్తాం. మాల్‌కు పోవద్దని మేం అనం. ఏసీలో రెండు గంటలు తిరిగితే తప్పేం లేదు, కొనకపోతే ఎవరూ కొట్టరు. కానీ దోస్తులతో సమానంగా ఖర్చు పెట్టాలని లోన్ యాప్‌లలో రెండు వేలు, మూడు వేలు తీసుకోవడం మానండి. ఆ వడ్డీ కట్టేది మీరు కాదు, ఊళ్లో తునికాకు కోసే మీ అమ్మ. యాభై ఆకులు పేర్చితే ఒక కట్ట. ఎండలో వంగి, పొదల్లో తిరిగి, ఇంటికొచ్చి రాత్రి దాకా ఆకులు పేర్చి కట్టలు కడితే, కల్లంలో ఆ కట్టల లెక్కనే డబ్బులు. మీరు తాగిన ఒక్క కాఫీకి ఎన్ని కట్టలో ఎప్పుడైనా లెక్కేయండి.

ఇంకో సంగతి కూడా మనకే బాగా తెలియాలి. పట్నం వాళ్ల వీకెండ్ ఇప్పుడు మన ఇంటి ముందుకు వస్తోంది. పాకాల, లక్నవరం, బొగత, మన పక్కనే గూడూరు మండలంలో భీమునిపాదం. శనివారం కార్లు వస్తాయి, సోమవారానికి సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు మిగులుతాయి. మీ ఆఫీసు వాళ్లు, కాలేజీ వాళ్లు వస్తామంటే మీరు ముందుండి తీసుకురండి. కానీ నీళ్లలో ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగొద్దో మీరే చెప్పండి. ఈత వచ్చినవాళ్లు కూడా తెలియని మడుగులో పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం చదువుతున్నాం. తెచ్చిన సీసా తిరిగి కారులో పెట్టించే బాధ్యత కూడా మీదే. ఊరి పిల్లగాడు చెబితే వింటారు. బోర్డు పెడితే ఎవరూ చదవరు.

పండుగల దగ్గరికి వస్తే, పట్నం ఎండాకాలానికి దాని వరస దానికుంది. ఉగాది, శ్రీరామనవమి శోభాయాత్ర, మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చే జనం. ఆ మందు పనిచేస్తుందా అన్నది డాక్టర్లు తేల్చాల్సింది, మనం చూడాల్సింది ఆ జాతర. మృగశిరకు ఊళ్లో మనమూ చేపల కూర వండుకుంటాం కదా. తరువాత ఆషాఢం రాగానే గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్‌దర్వాజా దాకా బోనాలు. అక్కడ పోతరాజును చూసి, ఎల్లమ్మ, పోచమ్మ పేర్లు విని, ఇది మన ఊరి కొలుపు లాగే ఉందే అని మీకు అనిపిస్తుంది. ఉండాల్సిందే మరి. పల్లె నుంచి వచ్చిన జనమే పట్నంలో నిలబెట్టుకున్న పండుగ అది.

ఇక్కడ మీరే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఎండాకాలం పెళ్లిళ్లకు, కంపెనీ ఫంక్షన్లకు స్వాగతం చెప్పడానికి మన పిల్లలను కొమ్ము నృత్యానికి పిలుస్తున్నారు. డబ్బులిస్తారు. కళకు డబ్బు తీసుకోవడం తప్పు కాదు. 2022లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూసిన మణుగూరు కూనవరం వాసి సకిని రామచంద్రయ్య గారు డోలు పట్టి సమ్మక్క, సారలమ్మల కథను కోయ భాషలో పాడినవారు. ఆయనకు ఆ గౌరవం దక్కిందీ ఆ విద్య వల్లే. కానీ ఫంక్షన్ హాల్ గేటు దగ్గర ఒంటికి ఆకులు కట్టుకుని, మొహానికి రంగులు పూసుకుని అరవమంటే అది మన విద్య కాదు. మన తాతలు ఎవరూ అట్లా ఆడలేదు. అమెరికా, కెనడాల్లో మూలవాసులు ఎండాకాలం వారాంతాల్లో పౌవౌ అనే కలయికలకు కుటుంబాలతో పోయి ఆడతారు. పట్నాల్లో పని చేసుకునే వాళ్లు కూడా పోతారు. వాళ్లు ధరించిన దాన్ని ఎవరైనా "వేషం" అంటే ఒప్పుకోరు. వాళ్ల మాటలో అది పెద్దల నుంచి వచ్చిన అలంకారం. కొమ్ములు కూడా అంతే. పట్టుకున్న చేతికి అది తెలిసి ఉంటే, ఎక్కడ ఆడాలో ఎక్కడ ఆడొద్దో ఒకరు చెప్పనక్కర్లేదు.

రాంచీలో ఇంకో దారి చూపించారు. సాల చెట్టు పూసినప్పుడు వచ్చే సర్హుల్ పండుగను జార్ఖండ్ ఆదివాసీలు పల్లెలో ఉంచేయలేదు. రాంచీ పెద్ద రోడ్ల మీదికే తెచ్చారు. ఆ రోజు ఎర్రంచు తెల్లచీరలతో, మాందల్ మోతతో ఊరేగింపు నడుస్తుంటే పట్నమే పక్కకు జరుగుతుంది. అది చూసి మనలో కొందరు అంటున్నారు, మన విజ్జ పండుంను కూడా హైదరాబాదులో చేద్దామని.

ఆలోచన మంచిదే గానీ, మేం దానికి ఒప్పుకోం. విజ్జ పండుం అంటే భూమి పండుగ. విత్తనం వేసే ముందు ప్రతి ఇంటి నుంచి గింజలు తెచ్చి, భూమి తల్లి ముందు పెట్టి, కోడి రక్తం కలిపి, మళ్లీ అందరికీ పంచే పండుగ. అది అయ్యేదాకా అరక కట్టకూడదు. భద్రాచలం, చింతూరు వైపు ఆ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి పాటపాడి, వచ్చిన బండి దగ్గరల్లా రూపాయి అడుగుతారు. ఆ గింజలు పడాల్సింది మన చెలకలో. బంజారాహిల్స్ హాలు స్టేజీ మీద చాట పెట్టి గింజలు కలిపితే, సాయంత్రానికి వాటిని ఎక్కడ చల్లుతాం? దానికి ఊరికే పోవాలి. రేల పాటకు ఆ అడ్డు లేదు. నలుగురు చేతులు పట్టుకుంటే ఎక్కడైనా పాడొచ్చు.

పండుం తేదీ క్యాలెండరులో ఉండదు, ప్రతి ఊరు తన పెద్దలతో, పూజారితో కూర్చుని పెట్టుకుంటుంది. అందుకే ఈ ఎండాకాలం అయిదారు ఐతారాలు పట్నంవి అనుకోండి, ఒక్క ఐతారం ఊరిది. ఫోన్ చేసి "ఈసారి పండుం ఎప్పుడే అమ్మా?" అని అడగండి. ఆ మాట వినడానికే అక్కడ కొందరు ఎదురు చూస్తున్నారు. పోయినప్పుడు రెండు రోజులు ముందే పొండి, కట్టలు కట్టే పనిలో ఒక చెయ్యి వేయండి. పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి మేడారానికి మన పెద్దలు అడవి దారిన కాలినడకన తీసుకుపోతారు. మనకు ఎంజీబీఎస్ నుంచి బస్సే ఉంది కదా.

వచ్చే ఐతారం పొద్దున ఏడు గంటలకు ఆ పట్నం కొత్తగూడలో, బొటానికల్ గార్డెన్ గేటు దగ్గర కలుద్దాం. డోలు తీసుకురావద్దు, నడవడానికి వచ్చినవాళ్లకు ఇబ్బంది. గొంతులు చాలు. పాట వచ్చిన చెల్లెళ్లు రానివాళ్లకు రెండు చరణాలు నేర్పాలి. ఇంటి దగ్గర నుంచి ఎండు ఇప్పపువ్వు వచ్చినవాళ్లు ఉట్నూరు ఆడబిడ్డల లాగా లడ్డూలు చేసి తేవచ్చు. గార్డెన్ లోపలికి టికెట్ ఉంటుంది, తమ్ముళ్లు చిల్లర తెచ్చుకోండి. ఎవరైనా ఆగి మీది ఏ ఊరని అడిగితే, తొందరేం లేదు, ఆ రోజు మన దగ్గర మూడు నిమిషాలు ఉంటాయి.