ఆలుమగల తగవు కాదు



చీరాల, పేరాల, జాండ్రపేట నేతవాడలలో పని చేయుచోటును, కాపురముండుచోటును తరచుగా ఒక్కటియే. మగడు గుంటమగ్గముపై నేయుచుండగా ఇల్లాలు ఆసు పోయును, కండెలు చుట్టును. మజూరీ మాత్రము పెక్కిండ్లలో మగని చేతికే ముట్టును. తన కష్టమునకు డబ్బు అడిగిన ఇల్లాలిపై చేయి పడినచో, ఇరుగుపొరుగువారు “ఆలుమగల తగవు, మనకేల?” అని ఊరకుందురు. ఆ మాట విడువవలెనని చెప్పుటకే మేము నేడు మీ ముందునకు వచ్చితిమి.

హింస యనగా దెబ్బ యొక్కటే కాదు. 2005 నాటి గృహహింస చట్టము శారీరక, లైంగిక హింసలతోపాటు మాటలతో మనస్సును గాయపరచుటను, ఆర్థిక హింసను కూడ పేర్కొన్నది. ఆమె కూలి లాగుకొనుట, ఇల్లు గడచుటకు డబ్బీయకుండుట, నిత్యము అవమానించుట ఇందులోనివే. మగని అడుగుల చప్పుడు విన్నంతనే ఇల్లాలు మాట మ్రింగుచున్నదా? పుట్టింటివారితో మాటలాడుటకు జంకుచున్నదా? ఒకనాటి కోపమునకును, నిత్యభయమునకును భేద మిక్కడనే తెలియును.

1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు వేలాదిగా ఇండ్లు విడిచి, రామనగరమున పాకలు వేసికొని నిలిచిరి. కలిసి కదలిరి గనుక నిలువగలిగిరి. అర్ధరాత్రివేళ ఒంటరిగా గడప దాటు ఇల్లాలికి అట్టి తోడు లేదు. ఆ తోడు మనమే కావలెను.

విడిపోవు సమయముననే ప్రమాదము హెచ్చు. కావున “వెళ్లిపోయెదను” అని ముందుగా బెదరింపరాదు. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, పిల్లల పత్రముల నకళ్లు నమ్మకస్తుల యింట దాచవలెను. ఆపదను తెలుపు గుర్తుమాట నొకదానిని పొరుగింటి ఆమెతో అనుకొనవలెను. ఇంటి ఫోనును మగడు చూచుచున్నచో వేరొకరి ఫోనునుండి మాటలాడుట మేలు. గాయమైనచో ఆసుపత్రిలో చూపించుకొని, అక్కడ ఇచ్చిన చీటీని భద్రపరచవలెను.

ప్రాణాపాయమైనపుడు 112కు, సలహాకును సాయమునకును మహిళా సహాయవాణి 181కి, ఉచిత న్యాయసహాయమునకు 15100కు ఫోను చేయవచ్చును. రక్షణాధికారి ద్వారా గాని, స్వయముగా గాని మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఇల్లు మగని పేరనే యున్నను అందు నివసించు హక్కు భార్యకు కలదు. చట్టప్రకారము గాక ఆమెను వెళ్లగొట్టరాదు. పుట్టింట తలదాచుకొన్నచో ఆ యూరి కోర్టులోనే అర్జీ ఈయవచ్చును.

పొరుగువారికి ఒక మాట. హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న వారెవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై కేసు ఉండదు. కేక వినబడినపుడు 112కు చెప్పుడు. మరునాడు ఆమె ఒంటరిగా ఉన్నవేళ చూచి, “అమ్మాయీ, నీ మాట మేము నమ్ముచున్నాము” అనుడు. “సర్దుకొనిపొమ్ము” అని మాత్రము అనకుడు. ఆమె నోరు విప్పుటకు ఆ నమ్మకమే మొదటి ఆసరా.