కార్ల అమ్మకములు – హెచ్చుతగ్గులు

ఏటి ఉత్పత్తి లెక్క వేరు, భూమిలోని నిల్వ లెక్క వేరు అని బొగ్గుగనుల నడుమనున్న కమాన్‌పూర్‌లో ఎవరికిని విడమరచి చెప్పనక్కరలేదు. కార్ల సంగతియు ఇట్టిదే. ఏటి అమ్మకము తగ్గినంతనే బండ్లు బాటపై మాయము కావు.

అంబాసిడర్ కారు 1980 దశకము నడుమ ఏటికి సుమారు 24,000 అమ్ముడుపోయినది. బండి గట్టిదనము ఒక కారణము. లైసెన్సుల విధానమువలన పోటీ అరుదగుట అంతకు మించిన కారణము. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. ధరను, పెట్రోలు ఖర్చును లెక్కించుకొన్న కుటుంబములు దానివైపు మొగ్గినవి. 2013–14లో అంబాసిడర్ అమ్మకము సుమారు 2,200కు దిగినది. 2014 మేలో తయారీ నిలిచినది.

మరి గెలిచిన మారుతి 800 గతి యేమి? తన సంస్థయే 2000లో తెచ్చిన ఆల్టో దానిని మించిపోయినది. 2014 జనవరిలో దాని తయారీయు ఆగినది. అయినను సంస్థ చెక్కుచెదరలేదు. కావున ఒక మోడలు తగ్గుటను సంస్థ తగ్గుటగా భావింపరాదు.

అంకె ఎక్కడిదో కూడ విచారింపవలెను. సంస్థలు ప్రకటించునది సాధారణముగా డీలర్లకు పంపిన బండ్ల లెక్క. కొన్నవారి చేతికి చేరినవెన్నియో రవాణాశాఖ రిజిస్ట్రేషన్లే తెలుపును.

2021 సెప్టెంబరులో ఫోర్డ్ సంస్థ మన దేశమున కార్ల తయారీని విరమింతునని ప్రకటించినది. అట్టి వేళ విడిభాగములకును, తిరిగి అమ్మునప్పటి ధరకును చింతిల్లువాడు కొన్నవాడే. దసరాకు ముందు సింగరేణి లాభాలవాటా అందుకొని కారు కొనదలచిన కార్మిక సోదరులు ఒక్క యేటి అంకెతో తృప్తిపడక, నాలుగైదేండ్ల వరుసను, దగ్గరలోని మరమ్మతు వసతిని చూచుకొనవలెనని మా మనవి.