పుట్టుకతో వచ్చే అంధత్వం – జన్యు చికిత్స ఎవరికి?



చూపు లేని బిడ్డ పుట్టిన ఇంట్లో నింద ముందుగా తల్లి మీదే పడుతుంది. కడుపుతో ఉండగా ఏదో చేయరాని పని చేసిందంటారు. ఆ మాట నిజం కాదు. వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బుల్లో చాలావాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన జన్యువులు బిడ్డకు చేరాలి. అమ్మానాన్నలిద్దరికీ చూపు బాగానే ఉంటుంది. అయినా ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరూ ఒకే చెడిన జన్యువును మోస్తూ ఉండే అవకాశం ఎక్కువ.

అలాంటి జన్యువుల్లో ఆర్.పి.ఇ.65 ఒకటి. మనం తిన్న విటమిన్ ‘ఎ’ని రెటీనాకు పనికొచ్చే రూపంలోకి మళ్ళీ మళ్ళీ మార్చడం దాని పని. అది చెడితే పిల్లలకు పసితనం నుంచే మసక వెలుతురులో ఏమీ కనిపించదు. రేచీకటి అనుకుని విటమిన్ చుక్కలు వేస్తాం, క్యారెట్లు పెడతాం. ఉన్న విటమిన్‌ను వాడుకోలేకపోవడమే అసలు జబ్బు కాబట్టి వాటితో నయం కాదు.

దీనికి జన్యు చికిత్స వచ్చింది. వైరస్ అనగానే భయపడకండి. జబ్బు చేయని ఒక చిన్న వైరస్‌లోంచి దాని సొంత జన్యువులను తీసేసి, మంచి ఆర్.పి.ఇ.65 జన్యువును పెడతారు. అది శరీరంలో పెరగదు. సరుకు దించే బండి లాంటిదన్నమాట. ఆపరేషన్ చేసి 0.3 మిల్లీలీటర్ల మందును రెటీనా కిందికి ఎక్కిస్తారు. ముందు కుక్కల్లో ఫలించింది. 2007లో లండన్‌లోనూ, అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనూ మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం లక్స్‌టర్నా పేరుతో అనుమతించింది.

ఆశ పెట్టుకోండి, కానీ సంగతి పూర్తిగా తెలుసుకోండి. చూపు మామూలుగా అయిపోదు. చాలామంది మసక వెలుతురులో అడ్డంకులు తప్పించుకుని నడవగలిగారు; ఆ బిడ్డకు అదేమీ చిన్న విషయం కాదు. రెటీనా కణాలు ఇంకా బతికి ఉంటేనే మందు పనిచేస్తుంది. కంట్లో ఒత్తిడి పెరగడం, శుక్లం రావడం వంటి ఇబ్బందులూ ఉన్నాయి. అమెరికాలో మొదట పెట్టిన ధర ఒక్కో కంటికి 4,25,000 డాలర్లు!

అన్నిటికన్నా ముఖ్యం, ఈ మందు ఆ ఒక్క జన్యువుకే. రెటీనా జబ్బులు తెచ్చే జన్యువులు 250కి పైగా ఉన్నాయి. ఏ జన్యువు చెడిందో రక్తపరీక్షలో తేలకముందే, ఎవరో ఏదో ఇంజెక్షన్ ఇస్తామన్నారని పొలం అమ్ముకోవద్దు. పరీక్ష జరుగుతున్నా బిడ్డ చదువు ఆపకండి. బ్రెయిలీ నేర్పిస్తే మిగిలిన చూపు పోదు.

పరీక్షకు తల్లిదండ్రులిద్దరూ రండి. పెద్ద బిడ్డకు జబ్బు ఉంటే చిన్నవాళ్ళనూ తీసుకురండి. రెండు వైపుల బంధువుల్లో చీకట్లో తడుముకునేవారు ఎవరున్నారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, కాగితం మీద రాసి తెచ్చుకోండి.